మంచు ఆరకముందు తీసిన కొక్కెం

నా వల్ల రెండు పశువులు చచ్చిపోయాయి. ఈ మాట పైకి అనడానికి నాకు పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజులూ నా తప్పును ఇంకొకావిడ మోసింది.

మా ఆయన ఉన్నన్నాళ్ళూ పొద్దున్నే పశువులను విప్పి వదిలేసేవాడు. అవి భూమంతా తిరిగి సాయంత్రానికి ఇల్లు చేరేవి. వాటికి నచ్చిన గడ్డి చిగురు వేసిన మర్నాడే మళ్ళీ కొరికేసేవి. నచ్చనిది ముదిరి ముళ్ళయ్యేది. ఏటేటా నేల బట్టతలలా తయారైంది. వాన పడితే నీళ్ళు లోపలికి ఇంకకుండా మట్టిని కడుక్కుని ఎర్రగా వాగులోకి పోయేవి. అది మా రాత అనుకున్నాం. ఆయన పోయాక మా అమ్మాయి ఉద్యోగం మానేసి వచ్చి, నేలంతా తిరిగి చూసి, "రాత కాదమ్మా. మనకి మేపడం రాలేదు" అంది. తండ్రిని అన్నట్టు తోచి రెండు రోజులు దానితో మాట్లాడలేదు.

అది భూమిని ముప్ఫై ఆరు ముక్కలు చేసింది. సన్నటి కర్రలు, వాటి మీద ఒంటి తీగ, తీగలో బ్యాటరీ పెట్టె నుంచి వచ్చే కరెంటు. మందంతా ఒక్కరోజు ఒక్క ముక్కలోనే మేయాలి. మర్నాడు పక్క ముక్క. మేసిన ముక్కలోకి మళ్ళీ నెల దాటేదాకా ఎవరూ అడుగు పెట్టకూడదు. ఎక్కువ పశువులు ఒకచోట చేరి తొక్కితేనే పేడా ఎండుగడ్డీ నేలలో కలుస్తాయట. దానికి మా మంద ఒక్కటే చాలదని, పక్క భూముల ఆడవాళ్ళు ముగ్గురిని కలుపుకుంది. రిటైరైన టీచరమ్మ, మిల్లువాళ్ళ కోడలు, గడియమ్మ. నాలుగిళ్ళవీ కలిపి తొంభై పైచిలుకు పశువులు. దాణా కొట్టాయన నన్ను చూసినప్పుడల్లా, "రెండు కొప్పులే ఒకచోట ఇమడవంటారు వదినగారూ, మీ దగ్గర నాలుగు చేరాయి" అనేవాడు. నేనూ లోపల అదే అనుకుంటూ పైకి నవ్వేదాన్ని.

గడియమ్మ అసలు పేరు ఎవరూ పలకరు. ఇంటి గడియ వేసి, నాలుగడుగులు నడిచి, వెనక్కి వచ్చి మళ్ళీ లాగి చూసుకునే మనిషి కాబట్టి ఆ పేరు స్థిరపడింది. భర్త పోయి చాలా ఏళ్ళయింది. పిల్లలు లేరు. తొమ్మిది పశువులున్నాయి. నన్ను అక్కా అంటుంది, మా అమ్మాయికి పిన్ని. తీగకు దారి వదిలినచోట తలుపుకి బదులు ప్లాస్టిక్ పిడి ఉన్న కొక్కెం ఉంటుంది. సాయంత్రం ఆ కొక్కేలన్నీ సరిగ్గా తగిలించి ఉన్నాయో లేదో తిరిగి చూడటం ఆమె వంతు. ఆ పని ఆమెకే ఎందుకిచ్చారని ఎవరూ అడగలేదు.

నలుగురూ మొదటిసారి కూర్చున్నది మా వంటింట్లోనే. టీలు పోస్తూ నేను నా ధోరణిలో అడుగుతూనే ఉన్నాను. ఎవరో ఒకరు కొక్కెం మర్చిపోతే? మంద రోడ్డెక్కితే? లారీ వచ్చి గుద్దితే? లారీ డ్రైవరుకి ఏమైనా అయితే?

"ఆ డ్రైవరుకి పిల్లలెందరో కూడా చెప్పెయ్యి అత్తా, ఏడుపేదో ఇప్పుడే ఏడ్చేద్దాం" అంది మిల్లువాళ్ళ కోడలు.

అందరూ నవ్వారు గానీ, నా నస పడలేక టీచరమ్మ నోటుపుస్తకంలో ఒక నియమం రాసింది. కొక్కెం విషయంలో ఎవరి వల్ల మందకు నష్టం జరిగితే వాళ్ళింటి పశువులు ఏడాదిపాటు ఉమ్మడి మందలో ఉండకూడదు. నలుగురూ సంతకాలు చేశారు. అప్పుడు గానీ నా ప్రాణం కుదుటపడలేదు.

రెండేళ్ళలో నేల మారింది. కాదంటే కళ్ళు పోతాయి. ఎర్రమట్టి కనబడేచోట గడ్డి దుబ్బు కట్టింది. వాన పడ్డ మర్నాడు నడిస్తే కాలు మెత్తగా దిగేది. అయినా నా కళ్ళు గడ్డి మీద నిలిచేవి కావు, తీగ దగ్గరే ఆగిపోయేవి. తొంభై నోరులేని జీవాలు చిన్న ముక్కలో ఒకదాని మీద ఒకటి పడుతూ నిలబడితే, పక్కనే మోకాలెత్తు మేత ఊగుతూ ఉంటుంది. పొద్దున్నే మనసాగక నేను కంచె దగ్గరికి వెళ్ళేదాన్ని. నన్ను చూడగానే అన్నీ ఒక్కసారి లేచి తీగ దాకా వచ్చి అరిచేవి. ఇంటికొచ్చి మా అమ్మాయి మీద పడేదాన్ని.

"ఆకలికి అరుస్తున్నాయే అవి."

"అది ఆకలి అరుపు కాదమ్మా."

"కన్నదానికి తెలీదా ఆకలి అరుపేంటో?"

"నువ్వు కన్నది నన్ను. వాటిని కాదు."

దాని దగ్గర మాటకి కొదవ లేదు.

మా అమ్మాయి వాగు పక్క ముక్కను మిగతావాటి కంటే పదిలంగా చూసేది. అందులో మూడాకుల లూసర్న్ మేత వేసింది. ముదురాకుపచ్చగా, లేతగా, మనకే తినాలనిపించేలా ఉంటుంది. మంద ముందు పక్క ముక్కలో ఎండుగడ్డి కడుపునిండా మేయాలి. లూసర్న్ మీద మంచు పూర్తిగా ఆరాలి. అప్పుడు కూడా అరగంటే వదిలి వెనక్కి తోలేయాలి. ఖాళీ కడుపుతో తడి లూసర్న్ తింటే పొట్టలో నురగ కట్టి గాలి బయటికి రాదని, పశువు ఉబ్బి గంటలో పోతుందని నాకు పదిసార్లు చెప్పింది. పదిసార్లూ తల ఊపాను. లోపల మాత్రం, మేత ఆదా చేసుకోవడానికి చెప్పే కబుర్లే అనుకున్నాను. ప్రతిదానికీ భయపడే నేను, భయపడాల్సిన ఆ ఒక్కదానికీ భయపడలేదు.

అప్పుడే మా అమ్మాయీ మిల్లువాళ్ళ కోడలూ రెండు రోజులు ఊరికి వెళ్ళారు. ఎక్కడో ఆడవాళ్ళు ఇలాగే పెద్ద మందను మేపుతున్నారట, చూసొస్తామన్నారు. వెళ్తూ వెళ్తూ, "పొద్దున తొమ్మిదికి పిన్నీ టీచరమ్మా మంద మారుస్తారు. నువ్వు హాయిగా పడుకో" అంది. హాయిగా పడుకోమని చెప్పారంటే ఏదో దాస్తున్నారనే నా అనుమానం.

మర్నాడు తెల్లవారగానే వెళ్ళాను. మంచు బాగా కురిసింది, రబ్బరు బూట్లు మడమల దాకా తడిసిపోయాయి. మంద నన్ను చూసి లేచింది. అరుపులే అరుపులు. గడియమ్మ మచ్చల ఆవు అన్నిటికంటే ముందు నిలబడి మెడ చాపి అరిచింది. ముక్క మార్చేటప్పుడు ఎప్పుడూ అదే ముందు నడుస్తుంది, మిగతావి దాని వెంట వెళ్తాయి. దాని ఎడమ డొక్క లోపలికి పోయి గుంట పడి ఉంది. కూతురు లేనప్పుడు ఇవి ఆకలితో చస్తే లోకం నన్నంటుంది. దాణా కొట్టాయన "ఆడపిల్లలు పశువుల్ని జైల్లో పెట్టారట కదా" అన్న మాట చెవిలో మోగింది. తీగ అవతల చూస్తే లూసర్న్.

ఇంటికి పరిగెత్తి గిన్నెలు తోమేటప్పుడు వేసుకునే రబ్బరు తొడుగులు తెచ్చుకున్నాను. ఆ తీగను నేను ఎన్నడూ ముట్టుకోలేదు, కరెంటంటే హడల్. తొడుగులేసుకుని, కళ్ళు మూసుకుని, ప్లాస్టిక్ పిడి పట్టి లాగాను. ఏమీ కాలేదు. మంద నన్ను రాసుకుంటూ లోపలికి పారింది. నురగలు కక్కుకుంటూ తింటుంటే చూసి నా కళ్ళు చెమర్చాయి. జన్మలో మొదటిసారి ఎవరినీ అడక్కుండా ఒక మంచి పని చేశాననిపించింది. ఇంటికొచ్చి టీ పెట్టుకుని, కప్పు పట్టుకుని గుమ్మంలో కూర్చుని నిదానంగా తాగాను. ఆ టీ రుచి ఇప్పటికీ నోట్లోంచి పోవడం లేదు.

ముప్పావు గంట గడిచిందో లేదో, గడియమ్మ కేక వినిపించింది.

నేను వెళ్ళేసరికి మచ్చల ఆవు పక్కకు ఒరిగి పడుంది. ఎడమ పక్క డప్పులా బిగిసి వెన్నెముక కంటే పైకి లేచింది. ఇంకో పది పన్నెండు పశువులు కాళ్ళు ఎడంగా పెట్టి, నాలుక బయటికి వేసి, ఊపిరందక నిలబడ్డాయి. టీచరమ్మ ఫోన్లో పశువుల డాక్టరుకి చెబుతోంది. గడియమ్మ ఒక చేత్తో మిగతావాటిని బయటికి తోలుతూ, ఇంకో చేత్తో నేల మీద పడున్న కొక్కెం చూపించింది.

"నేను వేశానక్కా. నిన్న సాయంత్రం వేశాను. లాగి కూడా చూశాను." నా మొహంలోకి చూసింది. "చూశానా?"

నేను నోరు విప్పాలి. అప్పుడే విప్పాలి. విప్పకుండా మిగతావాటిని తోలడానికి వెళ్ళాను.

డాక్టరు వచ్చి కొన్నిటికి నూనె పట్టించింది. రెండింటికి డొక్కలో లావుపాటి గొట్టం గుచ్చి గాలి తీసింది. మిగతావాటిని ఎత్తు మీదికి నడిపించమంది. నేనూ నడిపించాను. మచ్చల ఆవు అందరికంటే ముందు వెళ్ళి అందరికంటే ఎక్కువ తింది, దానికి గొట్టం పెట్టే వ్యవధి కూడా దొరకలేదు. దాని వెనక టీచరమ్మ చూడి పెయ్య పోయింది. టీచరమ్మ దాని పొట్ట మీద చెయ్యి వేసి, లోపలి దూడ కదలడం ఆగేదాకా అక్కడే కూర్చుంది.

నేను ఇంటికొచ్చి బూట్లు కడిగి ఎండలో బోర్లించాను. తొడుగులు గిన్నెల పక్కన యథాస్థానంలో పెట్టాను.

మా అమ్మాయి ఆ సాయంత్రమే వచ్చేసింది. బ్యాగు భుజాన ఉండగానే అడిగింది.

"పొద్దున అటు వెళ్ళావా అమ్మా?"

"లేదే. పొయ్యి దగ్గరే ఉన్నాను."

అది నా కూతురు. నేను అబద్ధమాడతానన్న ఆలోచనే దానికి లేదు. సరేనని లోపలికి పోయింది. అది ఇంకోసారి అడిగి ఉంటే చెప్పేసేదాన్నని కొన్నాళ్ళు నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. చెప్పేదాన్ని కాదు.

నిజం చెబితే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. ఆ నియమం రాయించింది నేనే. ముప్ఫై ఆరు ముక్కలూ మా అమ్మాయి చేతులారా కట్టింది. దాని పశువులే మందలోంచి బయటికి పోతే ఇక దానికి మిగిలేదేంటి? తల్లిగా దాన్ని కాపాడుకుంటున్నాననుకున్నాను. పిల్లల్ని అడ్డం పెట్టుకుంటే ఎంత పాపమైనా చిన్నదిగానే కనబడుతుంది.

ఐదో రోజో ఆరో రోజో గడియమ్మ మా ఇంటికొచ్చింది. వంటింట్లో స్టూలు మీద కూర్చుంది. మనిషి సగమైపోయింది.

"అక్కా, నీకెప్పుడైనా ఇలా అయిందా? చేశాననుకున్న పని చెయ్యకపోవడం?"

"అవుతుంది. వయసు వస్తోందిగా" అన్నాను.

"నా చేతిలో ఆ పిడి ఉన్నట్టు గుర్తుంది. తగిలించిన చప్పుడూ గుర్తుంది. మరి ఎలా ఊడింది? ఆ రోజుది కాకుండా ముందు రోజుది గుర్తుందేమో అంటోంది టీచరమ్మ. అంతేనేమో."

"మనసులో పెట్టుకోకు. ఎవరికైనా జరుగుతుంది" అని వీపు నిమిరాను. టీ పెట్టిచ్చాను. వెళ్తూ నా చెయ్యి పట్టుకుని, "నువ్వొక్కదానివే ఒక్క మాటా అనలేదక్కా" అంది. ఆవిడ అటు వెళ్ళగానే పెరట్లోకి పోయి, కుళాయి తిప్పి ఆ చెయ్యి కడుక్కుందామనుకున్నాను. కడిగితే పోయేదా అది?

పదకొండో రోజు మా వంటింట్లో సమావేశం పెట్టారు. టీచరమ్మ నోటుపుస్తకం తెచ్చింది గానీ తెరవలేదు. ఆ నియమం గడియమ్మ మీద ప్రయోగించడం ఎవరికీ ఇష్టం లేదని మొహాల్లోనే తెలుస్తోంది.

"నియమం మనం పెట్టుకున్నదేగా, మనమే తీసేద్దాం" అంది మిల్లువాళ్ళ కోడలు. "పిన్ని లేకపోతే ఆ కొక్కేలు చూసేదెవరు? నేనా? నా ఇంటి తాళమే నాకు దొరకదు."

"వద్దమ్మా" అంది గడియమ్మ. "నియమం ఉన్నా లేకపోయినా నా ఎనిమిదింటినీ నేను తీసుకెళ్ళిపోతాను. మొన్న ఆసుపత్రికి వెళ్ళొచ్చాను. మతిమరుపు మొదలైందేమో చూడమన్నాను. ఏవో బొమ్మలు చూపించి ఇవేంటో చెప్పమన్నాడు డాక్టరు. వందలోంచి ఏడేడు తీసేస్తూ రమ్మన్నాడు. అన్నీ చెప్పాను. అయినా నా మీద నాకే నమ్మకం పోయింది. నిన్న పొయ్యి ఆపానో లేదో చూడటానికి పొలం నుంచి మూడుసార్లు ఇంటికెళ్ళాను. ఇలాంటి మనిషి చేతిలో మీ పశువులు ఉండకూడదు. పశువుల్ని కూడా అమ్మేద్దామనుకుంటున్నాను."

మా అమ్మాయి బల్ల మీదికి వంగి ఏదో అనబోయింది.

"ఆ కొక్కెం నేను తీశాను" అన్నాను.

నేను గ్యాసు పొయ్యి దగ్గర నిలబడి అందరికీ వీపు పెట్టి ఉన్నాను. ఎవరూ ఏమీ అనకపోయేసరికి వినబడలేదేమోననుకున్నాను. వినబడకపోతే బాగుండునని కూడా అనుకున్నాను, దేవుడి సాక్షిగా. తిరిగి చూశాను. వినబడింది.

"నేనే. గిన్నెల తొడుగులేసుకుని తీశాను. ఆకలికి అరుస్తున్నాయనుకున్నాను. గడియమ్మ వేసే ఉంచింది. బాగా బిగించి ఉంది, రెండు చేతులా లాగితే గానీ రాలేదు."

ఆ చివరి మాట ఎందుకు చెప్పానో అప్పుడు తెలీలేదు. ఆవిడ వినాలనుకున్న మాట అదొక్కటేనేమో.

గడియమ్మ నన్ను చూడలేదు. తన అరచేతుల్ని చూసుకుంది, చాలాసేపు. తర్వాత లేచి చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

టీచరమ్మ పిల్లలకు చదువు చెప్పిన గొంతుతో, "పదకొండు రోజులు" అంది. అంతే.

"రాయండి టీచరమ్మా" అంది మా అమ్మాయి. "మావి ఇరవై ఎనిమిది. దూడలతో కలిపి."

"నీ తప్పేముందే ఇందులో?" అంది మిల్లువాళ్ళ కోడలు.

"ఇల్లు ఒకటేగా. నియమంలో ఇల్లు అనే ఉంది."

మర్నాడు ఎండ పైకొచ్చాక మా పశువులను వేరు చేశాం. రెండేళ్ళు కలిసి మేసినవి. తీగకు అటూ ఇటూ నిలబడి అరిచాయి. మా అమ్మాయి కర్రలు పాతుతోంది, నేను తీగ చుట్ట పట్టుకుని వెనకాలే నడుస్తున్నాను. ముందురోజు నుంచి అది నాతో మాట్లాడలేదు. మూడో కర్ర దగ్గర, నా వైపు తిరక్కుండానే మాట్లాడింది.

"అవి ఆకలికి అరవలేదమ్మా. మనిషి తీగ దగ్గరికొస్తే కొత్త మేత దొరుకుతుందని నేర్చుకున్నాయి. నువ్వు రాకపోతే పడుకుని నెమరేస్తూ ఉండేవి. రోజూ నువ్వెళ్ళావు కాబట్టి అరిచాయి. అవి అరిచాయని నువ్వు మళ్ళీ మళ్ళీ వెళ్ళావు."

"ముందే చెప్పొచ్చుగా" అన్నాను. నా నోరు అలాంటిది.

అది సుత్తి దించి నన్ను చూసింది. "చెప్పాను. వినలేదు. అది కూడా పోనీ. పిన్నికి వీపు నిమిరావట కదా."

నేను తల దించుకుని తీగ చుట్ట విప్పసాగాను. నా కూతురి దగ్గర నేను తల దించుకోవడం అదే మొదలు. ఇన్నేళ్ళూ దానికి ఏమవుతుందో, దాని బతుకు ఏమైపోతుందోనని భయపడుతూ బతికాను. దాని బతుక్కి వచ్చిన ముప్పు నేనేనని ఒక్కసారి కూడా తోచలేదు.

నాలుగు రోజుల తర్వాత గడియమ్మ తనంతట తానే వచ్చింది. లోపలికి రాలేదు, వాకిట్లోనే నిలబడింది. నేను గబగబా వెళ్ళి చేతులు జోడించబోతే ఆపింది.

"అవన్నీ వద్దు. నాతో ఆసుపత్రికి రావాలి."

"ఏమైంది?"

"ఆ డాక్టరు నా కాగితంలో రాశాడు. మతిమరుపు, పనులు మర్చిపోవడం, ఇంట్లో ఒంటరిగా ఉండటం మంచిది కాదు అని. నేను చెప్పిందే రాశాడు, ఆయన తప్పేం లేదు. అది కొట్టేయించాలి. నేనొక్కదాన్నీ వెళ్ళి మర్చిపోలేదని చెబితే, మర్చిపోయినవాళ్ళంతా అలాగే అంటారంటాడు. నువ్వొచ్చి చెప్పు."

చెప్పులేసుకుని వెంట నడిచాను. బస్సులో ఆవిడ కిటికీ పక్కన కూర్చుంది, నేను వెనక సీట్లో కూర్చున్నాను. పక్కన ఖాళీ ఉంది. కూర్చోమనలేదు.

ఆసుపత్రి వరండాలో జనం కిటకిటలాడుతున్నారు. చీటీ తీసుకుని గంటన్నర కూర్చున్నాం. డాక్టరు చిన్నవాడు, మా అమ్మాయి ఈడు ఉంటాడు. గదిలో ఒక నర్సు ఏదో రాసుకుంటోంది. తలుపు దగ్గర తర్వాతి వంతువాళ్ళు ఇద్దరు లోపలికి చూస్తూ నిలబడ్డారు. తలుపు వేయమని అడగాలనిపించింది. అడగలేదు.

ఆయన కాగితాలు తిరగేసి గడియమ్మను గుర్తుపట్టాడు. "ఎలా ఉందమ్మా? మళ్ళీ ఏమైనా మర్చిపోయారా?" అన్నాడు.

"ఈవిడ చెబుతుంది" అంది గడియమ్మ.

ఆయన నా వైపు తిరిగాడు. "మీరు ఈవిడకి ఏమవుతారు?"

ఇరవై ఏళ్ళుగా నన్ను అక్కా అన్న మనిషి. ఆ మాట అంటుందేమోనని ఆవిడ వైపు చూశాను. ఆవిడ గోడ మీద క్యాలెండరు చూస్తోంది.

"నేను ఏమీ కానండి" అన్నాను. "ఈవిడ ఏదీ మర్చిపోలేదు. ఈవిడ వేసిన కొక్కెం నేను తీసి, మర్చిపోయావని నేనే నమ్మించాను."

నర్సు రాయడం ఆపి తలెత్తింది. తలుపు దగ్గరివాళ్ళు ఒక అడుగు లోపలికి వచ్చారు. డాక్టరు పెన్ను మూత తీసి, "కాస్త నిదానంగా, మొదటి నుంచి చెప్పండి" అన్నాడు.

మొదటి నుంచి చెప్పాను.